అక్క అడిగిన పాత గుడి: గద్వాల నుంచి సోమశిల దాకా ఒక పగలు

మా అక్క రూతమ్మ గుండెలో కవాటం ఒకటి పాడైందని హైదరాబాద్ దవాఖానలో చెప్పి, ఆపరేషన్‌కు రోజు ఇచ్చి పంపారు. గద్వాలలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే ఆమె ఒకటే అడిగింది. “తమ్మీ, నా మీద కత్తి పడకముందు ఒక్కసారి పాత గుడికి తీస్కపో. సోమశిల కాడిది.” అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఈ ప్రయాణం అట్లా మొదలైంది. పాత కోటలు, పాత గుళ్లు ఒక్క పగటిలో చూడాలనుకునేవాళ్లకు ఈ దారి పనికొస్తుందని రాస్తున్నాను గాని, నేనేమీ సరదాగా బయల్దేరినవాణ్ని కాను. ఆ వారం అంతా దవాఖాన వరండాల్లో కూర్చుని నా నడుము కూడా సగం విరిగి ఉంది.

ముందుగా ఆ గుడి సంగతి చెప్పాలి. మా సొంత ఊరు సోమశిలకు దగ్గరలో కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చిన ఏడు మునిగిపోయింది. అప్పటికి నాకు మాటలు కూడా సరిగా రాలేదు, అక్క గౌను వేసుకుని తిరిగే పిల్ల. మా నాయన విశ్వాసంలోకి వచ్చి, ఇంకో నాలుగిండ్లవాళ్లతో కలిసి అక్కడ రాళ్లతో ఒక ప్రార్థన మందిరం కట్టుకున్నాడు. మా ఇండ్లలో దాన్ని చర్చి అనరు, గుడి అనే అంటారు. ఇప్పటికీ ఆదివారం పొద్దున “గుడికి పోదాం పాండ్రి” అనే పిల్లల్ని లేపుతారు. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు ఆ గుడి పునాది బయటపడుతుందని విన్నాను గాని ఎన్నడూ పోయి చూడలేదు. అక్క అడిగింది దాన్నే అనుకున్నాను. నాయన మోకరించిన చోట మోకరించాలని ఆమెకు ఉందని తెలిసి లోలోపల పొంగిపోయాను కూడా. నేను బడి గడప తొక్కినవాణ్ని కాను, అక్షరాలు బైబిలు గ్రంథం మీదనే వేలు పెట్టి నేర్చుకున్నాను. ఊరూరా మైకు పట్టుకుని వాక్యం చెప్పి గొంతు అరగదీసుకున్నాను. అయినా ఇంట్లోవాళ్లు నా వాక్యం విన్నట్టు ఎన్నడూ కనబడలేదు.

పొద్దున్నే బయల్దేరాము. గద్వాలకు వచ్చేవాళ్లు ముందు కోట చూడండి. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు, ఎండ ఎక్కకముందే పోవాలి. బురుజుల మీద పిచ్చిచెట్లు మొలిచి ఉన్నాయి, గోడలు చోటు చోటున జారిపోయాయి. లోపల చెన్నకేశవుని గుడి మాత్రం నిలబడి ఉంది, పొద్దున పూట తెరిచే ఉంటుంది. నేను లోపలికి పోను, బయట నిలబడి రాతిపని చూస్తాను. ఆ రాయిని చెక్కిన చేతులకు నా దండం ఎప్పుడూ ఉంటుంది. కోట గోడ చూస్తే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాదు. ఈ గోడ కట్టించినవాడు తన గుర్రాలనూ తన ఫిరంగులనూ నమ్ముకున్నాడు, నేడు వాటి చోట మేకలు మేస్తున్నాయి అని అక్కతో మొదలుపెట్టాను. ఆమె బురుజు నీడలో కూర్చుని ఆయాసం తగ్గేదాకా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. “మేకలకైన పనికొచ్చింది గద. పా, బస్సు పోతది.”

వనపర్తి పోయే పల్లెవెలుగు ఎక్కితే ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి పెబ్బేరుకు చేరుస్తుంది. గంటా గంటన్నర పడుతుంది. నాకు టికెట్టు అరవై లోపే అయింది. అక్కకు ఆధార్ కార్డు చూసి కండక్టరు జీరో టికెట్టు ఇచ్చాడు. ఆడవాళ్లు ఆ కార్డు మరిచిపోకండి. ఆ కాగితం ముక్కను అక్క నా జేబులో పెట్టి, ఇంట్లో నా విలువ ఎంతో సర్కారుకు తెలిసింది, నీ విలువే ఇంకా తెలియలేదు, అందుకే నీ దగ్గర పైసలు పట్టిండ్రు అంది. బీచుపల్లి వంతెన మీద నుంచి చూస్తే నది బాగా దిగిపోయి ఉంది. బండలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. అక్క కిటికీకి మొహం ఆనించి వంతెన అయిపోయేదాకా నీళ్లనే చూసింది.

పెబ్బేరులో దిగి శ్రీరంగాపురానికి షేరాటో ఎక్కాము, మనిషికి ముప్పై. రంగనాయకస్వామి గుడి వనపర్తి రాజులు కట్టించింది. చెరువు నీళ్లలో గోపురం నీడ చూడాలంటే పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. ఎత్తయిన ఆ ద్వారం కింద నిలబడితే గాలి చల్లగా తగులుతుంది. అక్కడ అక్క కాసేపు ఊపిరి తీసుకుంది. బయట ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఒక ఆమె నా చంకలో గ్రంథం చూసి, మీకు ఈ గుళ్లతో ఏం పని సారూ అని అడిగింది. చూడనీకి వచ్చినమని చెప్పాను. చూసి చూసి ఆకలైతది, కూసోండ్రి అని ప్లేటు చేతికిచ్చింది. నలభై రూపాయలకు ఇద్దరికి సరిపోయేంత పెడుతుంది. అక్క ఉప్పు తినకూడదని డాక్టరు చెప్పాడు గనక నేను ఒక్కణ్నే తిన్నాను. అక్క చూపు తిండి మీద లేదు. అప్పుడే గుండు చేయించుకుని, నెత్తికి గంధం పూసుకుని, తల్లి చంకలో ఏడుస్తున్న ఒక పసివాడి మీద ఉంది. వాడు కనుమరుగయ్యేదాకా చూసింది. నేను దాన్ని పట్టించుకోలేదు.

అక్కడి నుంచి కొల్లాపూర్ ప్రయాణమే ఈ దారిలో కష్టం. పెబ్బేరుకు వెనక్కి వచ్చి బస్సు కోసం గంటకు పైగా రేకుల కింద నిలబడ్డాము. వచ్చిన బస్సు వీపనగండ్ల మీదుగా ప్రతి ఊళ్లో ఆగుతూ పోయింది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే వడగాలి. దారికి రెండు పక్కలా దున్ని వదిలేసిన ఎర్రచెల్కలు, వాన కోసం నోరు తెరిచి ఉన్నాయి. జటప్రోలులో ప్రాజెక్టు నీళ్లకు భయపడి పైకి తెచ్చి కట్టిన పాత గుళ్లు ఉన్నాయి, చూద్దామనుకున్నాను గాని అక్క పెదవులు నల్లబడటం చూసి ఆ మాట ఎత్తలేదు. ఓపిక ఉన్నవాళ్లు ఇంకో పూట పెట్టుకుని పోండి. కొల్లాపూర్‌లో ఎనభై రూపాయల భోజనం నేను తిన్నాను, ఆమె పెరుగన్నం నాలుగు ముద్దలు మింగింది. ఎక్కడ చూసినా మామిడిపండ్ల బండ్లు. ఒక పండు చేతిలోకి తీసుకుని వాసన చూసి తిరిగి పెట్టేసింది. ఇంక తిరిగి పోదామా అక్కా అని అడిగాను. ఆమె ఆటోల వైపు నడిచింది.

సాయిలు అనే కుర్రవాడి ఆటో మాట్లాడుకున్నాము. సోమశిలకు రానుపోను, ఆగే సమయంతో కలిపి ఆరువందలు. వాడి తాతలు కూడా మునిగిన ఊరివాళ్లే, చేపలు పట్టే ఇల్లు. పాత గుడి పునాది చూడాలనగానే, నేను చెప్పిన గుర్తుల్ని బట్టి, మీ నాయనోళ్ల ప్రార్థన గుడా అని వాడే అన్నాడు. సోమశిల ఇవతలే రోడ్డు వదిలి, నీళ్లు తీసిన నల్లటి రేగడిలో ట్రాక్టర్లు తొక్కిన దారి వెంట తీసుకుపోయాడు. నేల పలకలు పలకలుగా పగిలి ఉంది. గవ్వలు, చిరిగిన వలలు, ఒక రోలు, ఇంటి గడప ఒకటి. అదే మా ఊరు. నాకేమీ గుర్తు లేదు గనక ఏడుపు కూడా రాలేదు.

పునాది మోకాలెత్తు ఉంది. తూర్పున మూడు మెట్లు, లోపల ఒక మూల పాత గచ్చు ఇంకా పట్టుకునే ఉంది. నేను చెప్పులు వదిలి ఆ గచ్చు మీద మోకరించాను. నేల కాలుతోంది. నాయన పేరు చెప్పి, అక్క పేరు చెప్పి, డాక్టరు చేతుల కోసం, మత్తు ఇచ్చేవాళ్ల కోసం, ఆమె గుండెలో పెట్టబోయే ఆ కొత్త కవాటం కోసం గొంతెత్తి ప్రార్థించాను. మైకు లేకపోయినా నా గొంతు నది అవతలి దాకా పోయి ఉంటుంది. సాయిలు ఫోను పక్కన పెట్టి నిలబడ్డాడు. లేచి చూస్తే అక్క ఆటోలోనే కూర్చుని ఉంది, దిగనే లేదు.

“అయిందా తమ్మీ?” అంది.

అయిందన్నాను.

“అయితె ఇగ గుడికి పోదాం.”

ఎండకు ఆమెకు తల తిరుగుతోందేమో అనుకున్నాను. ఇదే గదక్కా గుడి అన్నాను. ఆమె ఆ పునాదిని చూసింది, నన్ను చూసింది. “ఇది నాయన గుడి. నేనడిగింది అమ్మ మొక్కిన గుడి. సోమన్న గుడి.” మరి ఆ మాట ఇంటికాడే చెప్పొద్దా అన్నాను. “ఏ గుడని నువ్వడగలె. నేను జెప్పలె” అంది.

సోమశిల చేరేదాకా ఆటోలో ఆయాసపడుతూ ఆమె చెప్పింది ఇదీ. ఊరు మునిగే ఏడు నాకు జ్వరం వచ్చి ఒళ్లు వేలాడిపోయింది. నాయన ఇందాకటి ఆ గచ్చు మీద మోకాళ్ల మీద ఉన్నాడు. అమ్మ నన్ను భుజాన వేసుకుని, అక్క చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పకుండా సోమేశ్వరుని గుడికి పోయింది. అప్పటికి ఆ గుడిని విప్పుతున్నారు. రాళ్లకు గుర్తులు వేసి పైకి మోస్తున్నారు. ఆ దుమ్ములో నిలబడి అమ్మ, పిల్లగాడు బతికితే వీని వెంట్రుకలు నీ కాడనే ఇస్తనని మొక్కింది. నేను బతికాను. గుడి తరలిపోయింది, ఊరు మునిగింది, మా వాళ్లు కూలికి గద్వాల దిక్కు వచ్చారు. నాయనకు ఈ సంగతి తెలియదు. అమ్మ పోయేటప్పుడు అక్క చెవిలో మాత్రం చెప్పింది, మాట ఉండిపోయింది బిడ్డా, నువ్వు చూడు అని. అక్క ఆ పని చూద్దామనుకునేటప్పటికి నేను మైకు పట్టుకుని మొక్కుల మీద, ముడుపుల మీద నిప్పులు పోస్తూ ఊళ్లు తిరుగుతున్నాను. అక్క ఇన్నేండ్లూ నోరు మూసుకుని ఆ మాటను మోసింది.

నాకు ఒళ్లు మండింది, దాచను. తన గుడి రాళ్లను మనుషులు మోసుకుపోతుంటే చూస్తూ ఉన్న దేవుడు నన్ను బతికించాడా అక్కా అన్నాను. ఆమె కన్నా ముందు సాయిలు వెనక్కి తిరిగాడు.

“సారూ, ఏమనుకోకు. మీ గుడిని మీరు నీళ్లల్లనే ఇడిచిపెట్టిండ్రు. మావోళ్లు మా దేవున్ని మోసుకొచ్చిండ్రు.”

దానికి నా దగ్గర వాక్యం ఉంది, పదిసార్లు చెప్పిన వాక్యమే. కానీ అక్క చెయ్యి ఎత్తింది. ఏ దేవుడు బతికించాడో తను చెప్పడం లేదంది. “నిరుడు ప్రార్థన కూడికల నువ్వేం జెప్తివి? నోటితోని మాటిచ్చి ఎగ్గొట్టెటోడు దొంగకన్న అన్యాయం అంటివి. నేను వెనక చాప మీద కూసోని ఇన్న.”

అది మన దేవునికిచ్చిన మాట గురించి అన్నాను.

“గట్ల జెప్పలె నువ్వు” అంది.

సోమశిలలో ఆటో దిగి నేను ఒక్కణ్నే రేవు వైపు నడిచాను. అవతలి ఒడ్డుకు పడవలు ఉన్నాయి, కొండల నడుమ నీళ్లు చూడటానికి జనం దూరం నుంచి వస్తారు. సాయంత్రం పూట అయితే చాలా బాగుంటుందంటారు. నాకు ఏదీ కంటికి ఆనలేదు. అక్క నెమ్మదిగా వచ్చి, మెట్టు మీద చతికిలబడి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది. “నువ్వు చెయ్యకుంటె ఏం గాదు తమ్మీ. దవాఖానకైతె పోత. గానీ మత్తిచ్చేముందు ఈ మాట ఎవరికప్పజెప్పి పోవాలె? నీ పిల్లలకు జెప్పనా?”

నేను జవాబు వెతికాను. గ్రంథంలో ఒక తల్లి కొడుకు కోసం మొక్కుకుని, వాని తల మీదికి కత్తి రానియ్యనని దేవునికి మాటిస్తుంది. మా అమ్మ నా తల మీదికి కత్తి రావాలని మాటిచ్చింది. ఆ రెండు మాటల నడుమ నిలబడి ఎంతసేపు ఆలోచించినా, ఆ ఇద్దరు తల్లుల భయం ఒకటే అన్నది తప్ప ఇంకేమీ తట్టలేదు. అక్క ఊపిరి ఈలలాగా వినిపిస్తోంది. ఇంకోసారి ఆమె ఇంత దూరం రాలేకపోతుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

గుండ్లు గీసే బాలయ్య రేవు పక్కన తాటాకు పందిరి కింద ఉంటాడు. ముందే షరతులు చెప్పాను. కొబ్బరికాయ లేదు, గంధం లేదు, నేను లోపలికి రాను, నా గ్రంథం నా ఒళ్లోనే ఉంటుంది. ఆయన కత్తికి బ్లేడు మారుస్తూ, నెత్తి నీది, గొరుగుడు నాది, మిగిలిందేదో మీ అక్కది అన్నాడు. తరువాత నా తల మీద నీళ్లు చల్లి, మాడు మీద బట్టతల తడిమి ఆగిపోయాడు. “సగం మొక్కు ఆయనే వచ్చి తీస్కపోయినట్టుండు సారూ. నాకు అంచులు ఇడిచిపెట్టిండు.” అక్క నవ్వింది. దవాఖాన నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. ఊపిరి అందక ఆమె రెండు చేతులతో నేల పట్టుకుంటే, బాలయ్య కత్తి పక్కన పెట్టి ఆమెకు నీళ్లిచ్చాడు. కత్తి ఆడుతున్నంతసేపు నేను కండ్లు మూసుకుని నా దేవునికే ప్రార్థించాను. అమ్మ పేరు కూడా చెప్పాను. బాలయ్యకు వంద ఇచ్చాను.

రాలిన ఆ కాసిన్ని వెంట్రుకల్ని అక్క కొంగులో పట్టింది. నల్లవి నాలుగైతే తెల్లవి నలభై. రేవులో వంగి నీళ్లలో వదిలింది. తరువాత ఆమెను పట్టుకుని గుడి మెట్లు ఎక్కించాను, గడప బయట ఆగాను. లోపల ఆ రాళ్ల మీద అప్పటి గుర్తులు ఇంకా ఉన్నాయేమో తెలియదు, నేను చూడలేదు. ఆమె వట్టి చేతులతో పోయి, పూజారి మంత్రం పూర్తికాకముందే బయటికి వచ్చింది.

ఏమని మొక్కినవక్కా అని అడిగాను.

“అమ్మ మాట తెచ్చి ఇచ్చిన అని జెప్పిన.”

ఆపరేషన్ సంగతి అడగలేదా అన్నాను. ఆమె నన్ను చిన్నప్పుడు చూసినట్టు చూసింది. “దానికి నువ్వు జేసిన ప్రార్థన ఉండె గద.”

మళ్లీ కొల్లాపూర్ వచ్చేటప్పటికి ఎండ వాలింది. గద్వాల వైపు మాకు నేరుగా బస్సు దొరకలేదు, పెబ్బేరులో మారాము. నా కాళ్లు వాచాయి, నడుము పట్టేసింది, ఇంటికి చేరేటప్పటికి ఒక్క మాట మాట్లాడే ఓపిక లేదు. అక్క దారంతా నా భుజం మీద పడి నిద్రపోయింది. మెలకువ వచ్చినప్పుడల్లా కండ్లు తెరవకుండానే ఎంత దూరమని అడిగి మళ్లీ నిద్రపోయేది. ఈ ఆదివారం నా తల చూసి అడగబోయే సంఘస్తులకు ముందుగానే ఇక్కడ చెబుతున్నాను. నేను తప్పిపోలేదు, మారిపోలేదు. రాయి రాయే అని ఈ ఆదివారమూ చెప్తాను, గొంతు పోయేదాకా చెప్తాను. మీలో కొందరు మైకు నా చేతికి ఇచ్చేది లేదంటే, వెనక చాప మీద కూర్చుంటాను, అక్కడి నుంచి కూడా వినబడుతుందని మా అక్క రుజువు చేసింది. కోటలు కట్టినవాళ్ల మీద నేను చేసిన ప్రసంగాలు చాలా ఉన్నాయి గాని, చదువు రాని ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషి చెవిలో వేసి పోయిన మాట మీద నా దగ్గర ఒక్కటీ లేదు. అది తయారయ్యేదాకా నన్ను అడగకండి. వచ్చే బుధవారం పొద్దున ఆపరేషన్. ఏ దేవుని పేరు చెప్పుకునేవాళ్లయినా సరే, ఆ పూట రూతమ్మ పేరు ఒక్కసారి తలుచుకోండి.

ఇక ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా. సోమశిల ఒడ్డున నీడ తక్కువ, నీళ్ల మీద నుంచి ఎండ తిరిగి మొహానికి కొడుతుంది. గుండు చేయించుకునే ఉద్దేశం ఉన్నా లేకపోయినా, తలకు చుట్టుకోవడానికి ఒక తువ్వాల వెంట పెట్టుకుని పోండి.